వగరత్త కోసిన తొమ్మిది తోళ్ళు

మా అత్త నాలుక గురించి నేను చెప్పేవాటిలో సగం నేను కలిపినవే. ఏ సగమో మాత్రం చెప్పను, చెబితే రెండు సగాలూ చప్పబడిపోతాయి. తొట్టిలో తుమ్మచెక్క, అంటే తుమ్మ బెరడు, నానిన నీళ్ళు ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని, ఆ చెక్క కొండవైపు చెట్టుదో వాగువైపు చెట్టుదో చెప్పేసేది. ఇది నిజం. ఆ చెట్టు మీద కాకి గూడు ఉండేదని కూడా ఒకసారి చెప్పింది. ఇదీ నిజమే, కాకపోతే కాకిని నేను తర్వాత చేర్చాను.

ఆవిడ మా నాన్నకు అక్క. తోళ్ళు బాగుచేసే మా షెడ్డులో ముప్ఫై రెండేళ్ళు పనిచేసింది. పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరికీ వగరత్త, షెడ్డు యజమాని షావుకారుకు మాత్రం వగరక్క. మామయ్య పోయిన ఏడాది చెక్క దంచే పనికి వచ్చి చేరిందట. ఒకరోజు దంచి దంచి, వేళ్ళకంటిన పొడి నాకి, "ఈ బస్తాలో కల్తీ ఉంది" అందట. కొత్త మనిషి, నోరు పెద్దదనుకున్నారు. బస్తా కుమ్మరిస్తే అడుగున వేరే చెట్టు బెరడు రెండు గంపలు బయటపడింది. ఆ రోజు నుంచీ రోకలి ఇంకొకరికి ఇచ్చి, ఆవిణ్ణి తొట్ల దగ్గర పెట్టారు.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసి ఆవిడ వెనకాలే వచ్చాను. బడి నేను మానేశానా, బడే నన్ను మానేసిందా అని ఆవిడ ఇరవై ఏళ్ళుగా అడుగుతూనే ఉంది. నా పని దుంగ మీద తోలు పరిచి, రెండు పిడుల కత్తితో లోపలివైపు కండ గీకడం. ఈ పనిలో నాకు సాటి రాగల మనిషి ఇంకా పుట్టలేదు. పుట్టి ఉంటే ఈపాటికి నేర్చుకోడానికి నా దగ్గరికే వచ్చి ఉండేవాడు. షెడ్డులో నన్ను బడాయి అంటారు. అసూయ.

పని ఎలా జరుగుతుందో చెబితే గాని అసలు సంగతి అర్థం కాదు. పచ్చితోలు రాగానే ఒక రోజంతా నీళ్ళలో నానాలి, ఆ తర్వాత పన్నెండు రోజులు సున్నంలో. వెంట్రుక వదిలి, కండ గీకి, సున్నం పోయేదాకా కడిగాక అప్పుడు తొట్లు. మా షెడ్డులో అవి ఐదు, వరసగా. మొదటి దాంట్లో వాడి వాడి పలచబడిన చెక్క నీళ్ళు, ఐదో దాంట్లో కొత్త చెక్క వేసిన చిక్కటి నీళ్ళు. తోలు మెట్టు మెట్టుగా ఎక్కాలి. ఎద్దు తోలుకైతే ఎనిమిది నెలలు పడుతుంది. తొందరపడి చిక్కటి నీళ్ళలో ముందే పడేశామా, తోలు పైపైన బిగుసుకుని తలుపేసేసుకుంటుంది. ఆ తర్వాత ఆ చిక్కటి నీళ్ళలో ఎన్ని నెలలుంచినా వగరు లోపలికి దిగదు. పైన పటారం, లోన లొటారం. రంగు బాగుంటుంది, వాసన బాగుంటుంది, నడి మందంలో మాత్రం పచ్చిగా ఉండిపోతుంది. నీళ్ళూ చెమటా తగిలితే ఆ పచ్చి కుళ్ళుతుంది, ఎండితే గట్టిపడి ఫట్‌మని పగులుతుంది.

ఏ తొట్టిలో నీళ్ళు ఎంత చిక్కగా ఉండాలో, తోలు ఎప్పుడు పై మెట్టు ఎక్కాలో చెప్పేది అత్త నాలుక. నీళ్ళలో వగరు చచ్చిందంటే తోలు తాగేసినట్టు, ఇంకా నాలుకను పట్టుకుంటోందంటే ఇంకా తాగుతున్నట్టు. ఇతర షెడ్లలో పని పూర్తయ్యాక తోలును ఒక మూల కోసి, మధ్యలోకి దిగిందో లేదో చూస్తారు. మా దగ్గర కోయరు. కోయడం అంటే వగరక్క మాటను అనుమానించడమే అని షావుకారు ఎప్పుడో తేల్చేశాడు. కొనేవాళ్ళూ అడగరు. పెద్ద ఫ్యాక్టరీల్లో మందులు పోసి, పీపాల్లో తిప్పి, రెండు రోజుల్లో తోలు తీస్తారు. అదీ తోలే. మా పక్కింటాయనా మనిషే.

ఇక మా ఇద్దరి ఆట. ఇనుము తగిలితే చెక్క నీళ్ళు సిరాలా నల్లబడతాయి కనుక మా గరిటెలన్నీ కొయ్యవే, అన్నీ ఒకేలా ఉంటాయి. నేను మూడో తొట్టి నీళ్ళు ముంచుకొచ్చి నాలుగోదని చెబుతాను. ఆవిడ రుచి చూసి, ఉమ్మి, "మూడోది. అందులో నీ చెయ్యి కూడా కడిగావు, సన్నాసీ" అంటుంది. ఇరవై ఏళ్ళలో ఒక్కసారైనా నేను గెలవలేదు. ఆ మధ్య ఆవిడకు జ్వరమొచ్చినప్పుడు ఆగిన ఆట మళ్ళీ మొదలవ్వలేదు.

ఒకరోజు పొద్దున్న నాకు ఇంకా పెద్ద ఊహ వచ్చింది. వాడేసిన చెక్క పిప్పి కడిగిన నీళ్ళు కాలవ పక్కన నిలిచి ఉన్నాయి. చూడ్డానికి ఎర్రగా ఉంటాయి, వగరు బొత్తిగా ఉండదు. ఒక గరిటెడు ముంచి, "ఐదో తొట్టిదత్తా, చూడు" అని అందించాను. ఆవిడ నాలుక మీద వేసుకుంది. దవడ ఆడించింది. ఉమ్మింది.

"బాగా ఎక్కింది. ఇంకో నెల నిక్షేపంగా పనికొస్తుంది" అంది.

నేను ఎగిరి గంతేశాను. "ఓడావత్తా! ఇరవై ఏళ్ళకు ఓడావు! కాలవ నీళ్ళవి!"

ఎప్పటిలా నా చెవి పట్టుకుని మెలితిప్పుతుందని తల ముందుకు వంచాను కూడా. చెయ్యి రాలేదు. తల ఎత్తి చూస్తే ఆవిడ గరిటెను తొట్టి గట్టు మీద పెట్టబోతోంది. గరిటె గట్టు మీద నిలవలేదు, నీళ్ళలో పడింది. ఆవిడ దాన్ని తీయలేదు.

"ఎవరితోనూ అనకు" అంది.

అప్పుడు నాకు పై గదిలో వేలాడుతున్న తొమ్మిది తోళ్ళు గుర్తొచ్చాయి.

ఆ తొమ్మిదీ కాళ్ళ మేస్త్రివి. ఆయన కాలు పోయినవాళ్ళకు కాళ్ళు చేస్తాడు. కొయ్యా ఇనుమూ ఎక్కడైనా కొంటాడు, తోలు మాత్రం మా దగ్గరే. పదకొండేళ్ళుగా ఒక్క తోలూ కోసి చూడలేదు. మా తోలు మడిస్తే ముడత పడి, వదిలితే ముడత పోతుంది. నీటి చుక్క వేస్తే గబుక్కున మింగదు, ఆలోచించుకుని తాగుతుంది. ఒంటికి రాసుకున్నా చర్మం ఒరుసుకుపోదు. ఆయన నాలుగు రోజుల్లో వచ్చి ఆ తొమ్మిదీ పట్టుకెళ్ళాలి. తొట్లలోంచి తీసి, నూనె పట్టించి, నీడన ఆరవేసి ఉన్నాయి. పని అయిపోయింది. పని ఎలా అయిందో మాత్రం ఇప్పుడు ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నాక, చిన్న కత్తి ఒకటి తీసుకుని పైకెళ్ళాను. ఒక మూల రవ్వంత కోసి చూస్తే తేలిపోతుంది కదా అని. మెడవైపు అంచు పట్టుకున్నానో లేదో, వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏంట్రా ఆ చేతిలో?"

"కత్తి."

"కత్తని కనపడుతూనే ఉంది. కళ్ళు పోలేదు నాకు." అత్త గుమ్మంలో ఆగింది. ద్వారబంధం పట్టుకుని, "పోయింది నాలుకే" అంది.

"ఎప్పట్నుంచి?"

"మొన్న జ్వరమొచ్చింది చూడు, అది తగ్గిన రోజు నుంచి. నోట్లో చెక్కపేడు పెట్టుకున్నట్టుంది. తీపీ లేదు, చేదూ లేదు. రేపొస్తుందిలే, రేపొస్తుందిలే అనుకుంటే రెండు నెలలైంది."

"మరి తొట్లు ఎలా కలిపావు?"

"లెక్కతో. ఎప్పుడూ ఎన్ని గంపలో అన్ని గంపలు, ఎన్ని రోజులో అన్ని రోజులు."

"ఈ ఏడు వానల్లేవు కదత్తా. వానల్లేని ఏడు చెక్కలో వగరు ముదురుతుందని నువ్వే అంటావు."

"ఎంత ముదిరిందో నాలుక చెప్పాలి కదరా." ఆవిడ వచ్చి నా చేతిలోని అంచు విడిపించింది. "మెడ దగ్గర కోస్తున్నావా? ఇరవై ఏళ్ళు నేర్పింది ఇదా? మెడ పలచన. అక్కడ కోస్తే అన్ని తోళ్ళూ బంగారాలే. తోక మొదట్లో కొయ్యాలి, పిర్ర మీద. మందం అక్కడుంటుంది. అక్కడ తోలు అబద్ధమాడలేదు."

"అయితే అక్కడే కోద్దాం పట్టు."

"వద్దు."

"కోస్తే తెలిసిపోతుందిగా?"

"అందుకే వద్దు. తెలియకపోతే ఇంకో నాలుగు రోజులు బాగుంటుంది."

ఆవిడ అంచులు సవరిస్తూ, నా వైపు చూడకుండా అంది. "మడిచి చూశాను. తట్టి చూశాను. బాగానే ఉన్నాయి. తొమ్మిదీ బాగానే ఉండొచ్చు. ఉండకూడదని ఏముంది? ఇదంతా షావుకారుకు చెబితే రేపే నన్ను లేపేస్తాడు. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను, గోడలు నాకనా?"

ఆ మాటకు నవ్వొచ్చింది గాని బయటికి రాలేదు.

నా నోట్లో నువ్వుగింజ నానదని షెడ్డంతటికీ తెలుసు. అలాంటి నోరు నాలుగు రోజులు మూసుకుని ఉండటం నేను జీవితంలో చేసిన సాహసాలన్నిటిలోకీ పెద్దది, అదీ మామూలు సాహసాలు చేసినవాణ్ణి కాదు. రెండో రోజు నా కత్తి జారి ఒక పచ్చితోలుకు చిల్లు పడింది. ఇరవై ఏళ్ళలో అదే మొదటిది. సరే, మూడోది. షావుకారు వచ్చి చూశాడు.

"ఏరా బడాయీ, ఒంట్లో బాగాలేదా? రెండు రోజులుగా ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు."

"గొంతు నొప్పయ్యా."

"నీకు గొంతు నొప్పా! మాకందరికీ చెవి నొప్పి తగ్గిందందుకే." పోతూ పోతూ అత్త వైపు తిరిగి, "అక్కా, మేస్త్రి తోళ్ళు సిద్ధమేగా?" అని అడిగాడు.

అత్త తొట్టిలోకి వంగి ఉంది. తల ఎత్తకుండానే, "ఊ" అంది.

ఆ ఊ విన్నాక నాకు అన్నం సహించలేదు. ఆవిడా తినడం లేదని తర్వాత గమనించాను. తిన్నా తెలిసేది కాదనుకోండి. మూడో రోజు రెండుసార్లు పై గదిలోకి వెళ్ళొచ్చింది. రెండోసారి నేను వెనకే వెళ్ళి సందులోంచి చూశాను. ఒక తోలు తోక మొదలు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. లోపల ఏముందో చేతికి తెలుస్తుందేమోనని. చేతికి తెలిసేదైతే ఇంత దూరం ఎందుకొస్తుంది?

కాళ్ళ మేస్త్రి చెప్పిన రోజే, చెప్పిన వేళకే వచ్చాడు. తోళ్ళు కిందికి దించి బల్ల మీద ఒకదాని మీద ఒకటి పరిచాం. మందం తక్కువైనవి పైన, ఎక్కువైనవి కింద. అలా పేర్చింది అత్తే. షావుకారు చేతులు వెనక్కి కట్టుకుని పెళ్ళికొడుకు తండ్రిలా నిలబడ్డాడు. మేస్త్రి పై తోలును వేళ్ళతో నిమిరి, వంగి వాసన చూసి, తృప్తిగా తలాడించాడు.

"ఈసారి పట్టీలు కాదమ్మా" అన్నాడు అత్తతో. "కాలు పోయాక మిగిలిన తొడకు తొడిగే గిన్నెలు చేస్తాను. తడిపి అచ్చు మీద లాగితే మీ తోలు చెప్పినట్టు వింటుంది. ఇంకెవరి తోలూ వినదు."

"గిన్నె మీద బరువు ఎంత పడుతుంది?" అంది అత్త.

"మనిషంతా దాని మీదే కదా. మొదటిది ఒకావిడకి. ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఉద్యోగం. ఆవిడ ఉండేది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ఎక్కడం పర్వాలేదు, రెయిలింగు పట్టుకోవచ్చు. దిగేటప్పుడే భయం. దిగేటప్పుడు కాలు తోలును నమ్ముకుంటుంది." ఆయన తోళ్ళు చుట్టడానికి తాడు తీశాడు. "కట్టేసుకోమంటారా?"

"కట్టుకోండి, కట్టుకోండి" అన్నాడు షావుకారు.

నేను అత్త మొహం చూడలేక ఆవిడ చేతుల కేసి చూశాను. చేతులు చీర కొంగును పిండుతున్నాయి, నీళ్ళోడుతున్నట్టు. తాడు ఒక చుట్టు పడింది. రెండో చుట్టు పడబోతోంది.

"కత్తి తేరా" అంది అత్త.

నేను కదల్లేదు. ఆవిడే వెళ్ళి గోడకున్న కత్తి తెచ్చుకుంది. తాడు విప్పి, పై తోలు లాగి, తోక మొదట్లో వేలెడు లోతు కోసింది. చర్‌మని చప్పుడు. షావుకారు ఒక అడుగు ముందుకు వేశాడు.

"అక్కా! ఏం చేస్తున్నావు? మంచి చోట కోస్తావేంటి?"

కోతను వేళ్ళతో విప్పి వెలుతురుకు పెట్టింది. అంచు నుంచి అంచు దాకా ఒకే గోధుమరంగు. నాకు ఊపిరి వచ్చింది. షావుకారుకు నవ్వొచ్చింది. "చూశారా మేస్త్రీ? మా అక్క సరదా అది."

అత్త రెండోది లాగింది. కోసింది. అదీ గోధుమరంగే.

"చాలమ్మా" అన్నాడు మేస్త్రి. "నేనడగలేదు కదా. నాకు నమ్మకమే."

అక్కడ ఆగొచ్చు. రెండు కోతలూ మంచివే. ఎవరికీ ఏమీ తెలియదు, నేను గొంతు నొప్పి ఇంకో పదేళ్ళు కొనసాగించగలను. ఆగత్తా, ఆగు అని మనసులో మొక్కుకున్నాను. ఆవిడ మధ్యవాటిని వదిలేసి, అడుగున చెయ్యి పెట్టి, అన్నిటికంటే మందమైనదాన్ని లాగింది. కత్తి దిగడానికి బలం పట్టింది. విప్పి చూసింది. మాకు చూపించకముందే నాకు తెలిసిపోయింది.

పైన గోధుమరంగు, కింద గోధుమరంగు, మధ్యలో దారప్పోగులా తెల్లటి గీత.

"ఏంటది? నూనె మరకా?" అన్నాడు షావుకారు.

"పచ్చి" అంది అత్త. "నాకు రుచి పోయింది. రెండు నెలలైంది. నాలుగో తొట్టి నుంచి గుడ్డిగా కలిపాను."

ఆ తర్వాత షావుకారు అన్నవన్నీ రాయను. ఆయన మంచివాడే, ఆ పూట మంచితనం ఇంట్లో మర్చిపోయి వచ్చాడు. "రెండు నెలలు! మొన్న అడిగితే ఊ అన్నావు! నీ మాట మీద నేను ఇంతమందికి..." అని ఆగిపోయాడు. నా వైపు తిరిగి, "నీకూ తెలుసు కదరా దొంగవెధవా?" అన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. దొంగ అన్నది నిజమే కాబట్టి.

మేస్త్రి మాత్రం ఆ తెల్ల గీతను గోటితో గీకి చూస్తున్నాడు. "మొదటి రెండూ బాగున్నాయి కదమ్మా. అక్కడే ఆగిపోవచ్చుగా?"

"నాలుగో అంతస్తు అన్నావుగా" అంది అత్త.

మిగతా ఆరూ కోసింది. మొత్తం మీద ఐదు మంచివి, నాలుగింటికి గీత. మేస్త్రి ఐదూ చుట్టి కట్టుకున్నాడు. పోయేముందు అత్తకు దండం పెట్టబోతే ఆవిడ పక్కకు తప్పుకుంది.

ఆయన వెళ్ళాక షావుకారు బల్ల మీద కూర్చున్నాడు. "రేపట్నుంచి తొట్ల దగ్గరికి రావద్దక్కా."

"వస్తాను. ఈ నాలుగూ నానబెట్టి, నూనె వదలగొట్టి, మళ్ళీ మొదటి తొట్టి పలచటి నీళ్ళలో వెయ్యాలి, పైన బిగుసుకున్నది వదిలితే వగరు దిగొచ్చు. అవి తేలేదాకా వస్తాను. ఆ తర్వాత నువ్వు చెప్పక్కర్లేదు."

షావుకారు బల్ల దిగి, ఆ నాలుగూ ఆవిడకు వదిలేశాడు.

ఐదు నెలలు వచ్చింది. మిగతా తొట్లను వేరేవాళ్ళు కోతలు పెట్టి చూసుకున్నారు. అత్త వాటి వైపు తల తిప్పలేదు. తన నాలుగు తోళ్ళే ఆవిడ లోకం. పదిహేను రోజులకొకసారి ఒక్కోదాని తోక మొదట్లో దారమంత కోసి చూసేది. గీత సన్నబడిందా లేదా అని వెలుతురులో పెట్టి నన్ను అడిగేది. "నిజం చెప్పరా, బడాయి మాటలొద్దు." నేను నిజమే చెప్పాను. అలవాటు లేక మొదట్లో కష్టమైంది. మూడో నెలకు ఒకటి తేలింది. నాలుగో నెలలో ఇంకో రెండు. రుచి మాత్రం రాలేదు. టీలో పంచదార ఎన్ని చెంచాలు వేసిందో కూడా లెక్కపెట్టుకునేది.

నాలుగోది, ఆ అడుగుది, మందమైనది, మాట వినలేదు. గీత వెంట్రుకంత అయింది, అక్కడే ఆగిపోయింది. షావుకారు వచ్చి చూశాడు. ఈ మధ్య ఆయన గొంతు తగ్గింది. "వదిలెయ్యక్కా. వెంట్రుకంతే కదా. కాళ్ళ మేస్త్రికి కాదులే, ఏ సంచులవాడికో ఇచ్చేద్దాం. ఎవరు చూడొచ్చారు?"

"సంచులవాడు ఇంకొకడికిస్తాడు. ఆ ఇంకొకడు చెప్పులకు పెడతాడో జీనుకు పెడతాడో. నిండు తోలుగా గడప దాటితే ఇది మన తోలే."

తోలును పెరట్లోకి లాక్కొచ్చి, నేల మీద పరిచి, కత్తి నూరుకుంది. దేనికీ పనికిరానంత సన్నంగా, మెడ నుంచి తోక దాకా పేలికలుగా కోయడం మొదలుపెట్టింది. షావుకారు లోపలికెళ్ళిపోయాడు. ఎనిమిది నెలలూ ఇంకో ఐదు నెలలూ తాగిన తోలు, కత్తికి సులభంగా లొంగదు. మధ్యాహ్నం మొదలెడితే ఎండ గోడ ఎక్కేదాకా సగమే అయింది. నేను వెళ్ళి రెండో కొస పట్టుకున్నాను.

"ఇలా ఇవ్వత్తా, నేను కోస్తా. ఈ షెడ్డులో నా అంత తిన్నగా కోసేవాడు..."

"కోతలు తర్వాత కొయ్యొచ్చు గాని, ముందు గట్టిగా లాగి పట్టుకో" అంది, చెమట భుజానికి తుడుచుకుంటూ. "వంకర పోతోంది."